అత్తగారికో తోక

"కత్తెర తీసుకురా" అన్నాడు రొడెల్.

"తీసుకురాను" అంది రోవెనా.

మొగుడూ పెళ్లాల మధ్య గచ్చు మీద రొడెల్ తల్లి కాందిదా వెల్లకిలా పడుకుని ఉంది. నడుం దాకా మామూలు మనిషే. పూల జాకెట్టు, మెడలో శిలువ గొలుసు, చెమటకి అతుక్కుపోయిన నెరిసిన జుట్టు. నడుం కింద నుంచి మాత్రం నీలంరంగు చేప. తోక చివరి రెక్క ఎంత వెడల్పంటే, సగం గదిలోనూ సగం గుమ్మం అవతలా ఉంది.

మధ్యాహ్నం భోజనానికని పడవ దగ్గర్నుంచి వచ్చిన రొడెల్, గుమ్మంలో ఆ రెక్క తొక్కబోయి తమాయించుకున్నాడు. అప్పట్నుంచీ కత్తెర, కత్తెర అంటూనే ఉన్నాడు.

"లోపల అమ్మ కాళ్లు ఎర్రగా ఉన్నాయో నల్లబడ్డాయో ఎవరికి తెలుసు? రబ్బరు బట్ట అది! నెత్తురు ఆడుతుందా?"

"నా కాళ్లు నాకు తెలుస్తున్నాయిరా" అంది కాందిదా కప్పు వైపు చూస్తూ. "బొటనవేళ్లు ఆడుతున్నాయి. ఇంకోసారి కత్తెర మాట ఎత్తావంటే దీంతోనే కొడతాను."

అన్నంత పనీ చేసింది. తోక ఎత్తి గచ్చు మీద ఒక్క చరుపు చరిచింది. ముక్కాలిపీట మీది కాఫీ గ్లాసు ఎగిరి గోడకి తగిలింది.

"చూశావా, ఎంత బాగా ఆడుతోందో!" రోవెనాకి ఇంత కంగారులోనూ సంతోషం ఆగలేదు. "నడుం దగ్గర్నుంచి చివరిదాకా ఒక్క ముడత లేదు, రొడెల్!"

"ముడతలు ఎలా ఉంటాయి? మనిషి పట్టకపోతేనూ!"

వాకిట్లో గొడుగు ముడుస్తూ చారితో కనిపించింది. రొడెల్‌కి అక్క, పండుగ కమిటీలో పెద్ద గొంతు. తల్లిని చూసి ఒక్క క్షణం నోరు తెరిచి నిలబడిపోయింది. ఆ తర్వాత మళ్లీ మూయలేదు.

"అనుకున్నాను! ఇలాంటిదేదో అవుతుందని అనుకున్నాను! అరవై దగ్గర పడుతోంది, కర్ర లేకపోతే చర్చి మెట్లు ఎక్కలేదు, ఈవిడకి తోకట! రేప్పొద్దున పరీక్షట! కమిటీలో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"ఇక్కడ పెట్టుకో" అని కాందిదా పక్కనున్న పీట చూపించింది. "వచ్చినదానివి ఓ చెయ్యి వెయ్యి."

ఇదంతా చర్చి హాల్లో జరిగిన మీటింగుతో మొదలైంది. ప్రతి మే నెలా ఈ ఊరి ముందున్న పుంతబాతో అఖాతంలో శిలువని పడవెక్కించి ఊరేగిస్తారు. ఈ ఏడు ఆ పడవ ముందు మత్స్యకన్యలు ఈదుతూ దారి తీయాలని డైవింగు నేర్పే త్రీనా అడిగింది. ఈ నీళ్లలో పెరిగిన ఏ ఆడమనిషైనా రావచ్చు అంది. అప్పుడు వెనక వరసలోంచి ఒక కర్ర పైకి లేచింది. అది కాందిదాది.

హాలు హాలంతా నవ్వింది. నవ్వు ఆగేదాకా కాందిదా కర్ర దించలేదు.

త్రీనా దగ్గరున్న అరువు తోకలేవీ కాందిదాకి మోకాళ్లు దాటి పైకి రాలేదు. "సొంత తోకతో వస్తే పరీక్ష పెడతాను, అందరికీ ఎలాగో మీకూ అలాగే" అంది ఆ పిల్ల. ఆ సాయంత్రం కాందిదా ఇంటికొచ్చి, యూనిఫారాలు కుడుతున్న కోడలి మిషను పక్కన నిలబడి, "నీకు తోక కుట్టడం వచ్చా?" అని అడిగింది.

పెళ్లయి ఐదేళ్లు. ఉప్పు సరిపోయిందా, బియ్యం కడిగావా అన్న మాటలు తప్ప అత్త కోడల్ని అడిగిన మొదటి ప్రశ్న అదే.

"మడిచి తీయాలి" అంది రోవెనా ఇప్పుడు, మోకాళ్ల మీద కూర్చుంటూ. "తోక పట్టి లాగితే రాదు. నడుం దగ్గర్నుంచి అరటితొక్కలా వలుచుకుంటూ పోవాలి. వదినా, స్నానాలగదిలో తలకి రాసుకునే కండిషనర్ ఉంది, బకెట్ నీళ్లలో కలిపి తీసుకురండి."

"కండిషనర్ కాళ్లకా?"

"కాళ్లకే. తెండి, వదినా!"

చారితో గొణుక్కుంటూనే తెచ్చింది. రోవెనా గరిటెతో ఆ జారుడు నీళ్లు నడుం అంచులోంచి లోపలికి పోసింది. కాందిదా "చల్లగా ఉందే, చల్లగా ఉందే" అని కేకలు పెట్టింది. రొడెల్ వెనక నుంచి తల్లి చంకల కింద చేతులు వేసి పట్టుకున్నాడు. రోవెనా అంచు మడిచి, రెండు చేతులా కిందికి వలిచింది. జానెడు వచ్చింది. మళ్లీ నీళ్లు. మళ్లీ జానెడు.

"వస్తోంది! వస్తోంది! రొడెల్, పైకి లాగు!"

తుంటి దగ్గర ఆగింది. రొడెల్ పళ్లు బిగించి లాగాడు.

చర్రుమంది.

కాందిదా ఒక్కసారిగా బయటికి జారి కొడుకు ఒళ్లో పడింది. ఇద్దరూ కలిసి గోడకి కొట్టుకున్నారు. రోవెనా చేతుల్లో తోక ఖాళీగా వేలాడింది. ఎడమ పక్క, తుంటి నుంచి తొడ సగందాకా, నోరు తెరుచుకుని ఉంది.

రొడెల్ లేచి, చొక్కాకి అంటిన నురగ దులుపుకున్నాడు. "సరే. దేవుడే చింపాడు. ఇక వదిలెయ్యండి" అన్నాడు. భోజనం చెయ్యకుండానే పెరట్లోకి వెళ్లిపోయాడు. చారితో గొడుగు తీసుకుంది. తల్లి తడి పాదాల వైపు చూసింది. గుమ్మం దాటి వెళ్లిపోయింది.

రోవెనా తోకని తిరగేసి చిరుగు వెలుతురుకి పెట్టి చూసింది. కుట్టు ఊడితే ఏడుపు వచ్చి ఉండేది. కుట్టు ఊడలేదు. కుట్టు చెక్కుచెదరలేదు, దాని పక్కన బట్టే చిరిగింది.

అంటే బిగువు. ఒట్టి బిగువు.

కానీ ఎలా? అత్తగారిని కాళ్లు దగ్గరపెట్టి నిలబెట్టి, ఒంటి చుట్టూ పల్చటి ప్లాస్టిక్ చుట్టి, దాని మీద ఖాకీ టేపు పొరలు పొరలుగా అంటించి, గీతలు గీసి, ఆ గీతల వెంట కత్తిరించి ఒలిచింది తనే. ఆ అచ్చులే పరిచి నియోప్రీన్ రబ్బరు బట్ట కోసింది. సాగే గుణం ఉన్న బట్ట కాబట్టి ఒంటికంటే ఒక పిసరు తక్కువ ఉంచింది. పిసరే. అచ్చులు తీసుకొచ్చి తోక మీద పెట్టి చూసింది. ఆ పిసరు తప్ప వెంట్రుకవాసి తేడా లేదు.

తల తిప్పి అత్తగారిని చూసింది. కాందిదా పీట మీద కూర్చుని తువ్వాలుతో కాళ్లు తుడుచుకుంటోంది. తడిసిన జాకెట్టు కింద పొట్ట తొడల మీదికి దిగి, హాయిగా ఊపిరి పీలుస్తోంది.

రోవెనాకి అర్థమైంది.

"నానాయ్" అని అత్తగారిని అమ్మా అన్నట్టు పిలిచింది.

"ఊఁ."

"ఆ రోజు టేపు చుట్టినప్పుడు పొట్ట లోపలికి లాక్కున్నారు కదూ?"

"ఎవరు లాక్కున్నారు?"

"మీరే."

"నేనెందుకు లాక్కుంటాను?"

కాందిదా ఒక కాలు తుడిచింది. తుడిచిన కాలే మళ్లీ తుడిచింది.

"కొంచెం" అంది చివరికి.

"కొంచెమంటే?"

"నువ్వు చుట్టినంతసేపూ."

"అంతసేపూనా! ఊపిరి బిగబట్టా!" రోవెనా అచ్చులు గచ్చు మీద విసిరికొట్టింది. "వేళ్లు పొక్కిపోయేలా కుట్టానండీ! రేపు అందరి ముందూ ఇది పిగిలి ఉంటే ఏమనేవాళ్లు? కాందిదా లావనేవాళ్లా? కాదు. కోడలికి కుట్టడం రాదనేవాళ్లు! అడిగాను కదా, బిగువుగా ఉందా, వదులుగా ఉందా, హాయిగా ఉందా అని అడిగాను కదా!"

"అడిగావు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

కాందిదా తువ్వాలు మడత పెట్టింది. చాలా జాగ్రత్తగా, చర్చికి ఇచ్చే బట్టలా మడత పెట్టింది.

"నువ్వు అంత దగ్గరగా కూర్చుని చూస్తున్నావు కదే" అంది. "మీ మావగారు పోయాక నన్నెవరూ అంత దగ్గరగా చూడలేదు. డాక్టరు కూడా కాయితాలే చూస్తాడు. నువ్వేమో పెన్సిలు పట్టుకుని, కళ్లు చిట్లించి... సిగ్గేసింది. అంతే."

రోవెనా నోట్లోని కోపం అలాగే ఉండిపోయింది. మింగబోతే నవ్వు వచ్చింది. ఆపుకోబోతే పెద్దదైంది. కాందిదా అనుమానంగా చూసి, ఆవిడా మొదలుపెట్టింది. పొట్ట ఊగేలా నవ్వింది.

"సరే" అని కాందిదా కర్ర ఊనుకుని లేచింది. "చుట్టు. ఈసారి మొత్తం వదిలేస్తాను. ఎంత ఉంటే అంత."

"నిలబడి కాదు. పడుకోండి, బోర్లా. నీళ్లలో నిలబడరు కదా మీరు."

ఈసారి టేపు చాలాసేపు పట్టింది. పడుకుంటే ఒళ్లు వేరే రకంగా పరుచుకుంది. మోకాళ్ల చుట్టూ వాపు ఉంది. అదీ ఆ రోజు పట్టీలు బిగించి దాచింది. రోవెనా వాపు మీదుగా టేపు మెల్లగా పోనిచ్చింది. కాందిదా గచ్చుకి బుగ్గ ఆనించి, నీళ్లలోకి దిగితే ఆ మోకాళ్లు తనవి కానట్టే ఉంటాయని, చిన్నప్పుడు ఈ రాళ్ల కింద ముళ్లబంతుల్లాంటి సముద్రపు ప్రాణుల్ని ఏరుతూ మగపిల్లలకంటే లోతుకు వెళ్లేదాన్నని, ఆగకుండా చెబుతూనే ఉంది. మాట్లాడేవాళ్లు ఊపిరి బిగబట్టలేరు. రోవెనా అందుకే అడుగుతూ పోయింది.

కొత్త అచ్చు పాత దాని మీద పరిచారు. తుంటి దగ్గర రెండు పక్కలా అరచెయ్యంత తేడా. మోకాళ్ల దాకా సన్నబడుతూ పోయి, పిక్కల దగ్గర కలిసింది.

"రెండు ముక్కలు వెయ్యాలి. ఇటొకటి, అటొకటి" అంది రోవెనా. "కానీ బట్ట అయిపోయింది."

"బజార్లో?"

"పట్నం పోవాలి. రేపు పొద్దున్నకి ఎలా వస్తుంది?"

ఇద్దరూ ఒకేసారి కిటికీలోంచి పెరట్లోకి చూశారు. తాడు మీద రొడెల్ డైవింగు సూటు ఆరుతోంది. నల్లటి ఛాతీ, బూడిదరంగు తొడలు. మంచి మందపు బట్ట.

"అడుగు" అంది కాందిదా గుసగుసగా.

"మీ కొడుకు. మీరే అడగండి."

"నేనడిగితే అరుస్తాడు. నువ్వడిగితే ఊరుకుంటాడు."

రోవెనా పెరట్లోకి వెళ్లింది. రొడెల్ పంపు దగ్గర కూర్చుని పడవ ఇంజను ముక్కలు కడుగుతున్నాడు. ఆమె సూటు వైపు చూసి, అతని వైపు చూసి, అడిగేసింది.

రొడెల్ చేతిలోని ముక్క కింద పెట్టాడు.

"ఏం అడుగుతున్నావో తెలుసా నీకు?"

"తెలుసు. తొడల దగ్గరివి చాలు."

"పోయినేడు అమ్మకి నీళ్లలో కాళ్లు పట్టేసినప్పుడు ఎవరు లాగారు?"

"నువ్వే."

"ఏం వేసుకుని లాగాను?"

ఆమె చూపు తాడు మీది సూటు మీదికి పోయింది.

"పెదాలు నీలంగా అయిపోయాయి, రోవెనా. పడవలో పడుకోబెడితే కాసేపు నన్ను గుర్తుపట్టలేదు. అప్పుడు నా ఒంటి మీదున్న సూటు అది. దాన్ని కోసి, అమ్మకి తొడిగి, మళ్లీ నీళ్లలోకి పంపుతావా?"

"అప్పుడు ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా వెళ్లారు. వద్దన్నారు కాబట్టి దొంగతనంగా వెళ్లారు. రేపు అందరూ ఉంటారు. నువ్వుంటావు." ఆమె గొంతు తగ్గించింది. "మనం వద్దంటే మానేస్తారనుకుంటున్నావా?"

రొడెల్ చేతులు కడుక్కున్నాడు. అవుననలేదు, కాదనలేదు. చొక్కా భుజాన వేసుకుని రేవు వైపు వెళ్లిపోయాడు.

ఈ ఇంట్లో అతని మౌనానికి ఎప్పుడూ ఒకటే అర్థం. వద్దని.

రోవెనా తాడు పక్కన నిలబడింది. సూటు గాలికి కొద్దిగా కదిలింది. కిటికీలో కాందిదా రొమ్ము మీద శిలువ గుర్తు వేసుకుని పక్కకి తప్పుకుంది.

రోవెనా కత్తెర తెచ్చింది.

మొదటి కోత మెల్లగా వేసింది. ఆ తర్వాత ఆగలేదు. రెండు బూడిదరంగు ముక్కలు, చేప పక్క రెక్కల్లా, కొత్త అచ్చు ప్రకారం వచ్చాయి. చిరిగిన పక్క సాపు చేసి, రెండో పక్క కుట్టు విప్పింది. అంచులకి జిగురు రాసి, ఆరనిచ్చి, మళ్లీ రాసింది. వేలికి అంటనంత ఆరాక అంచుకి అంచు ఆనించి నొక్కింది. "ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఎక్కితే ఒరుసుకుంటుంది" అంటే, కాందిదా కళ్లద్దాలు పెట్టుకుని చెంచా వెనకవైపుతో అతుకు పొడుగునా రుద్దింది. వంపు సూదితో రోవెనా కుట్టుకుంటూ పోయింది. సూది బట్ట మందంలో సగందాకానే దిగాలి. అవతలికి పొడుచుకొస్తే ఆ కన్నంలోంచి నీళ్లు దూరతాయి.

చీకటి పడేలోపు ఒక పక్క, తెల్లవారాక కాఫీకి ముందు రెండో పక్క అయ్యాయి.

పొద్దున రొడెల్ తువ్వాలు కోసం పెరట్లోకి వెళ్లాడు. తాడు మీద తన సూటులో చేతులూ ఛాతీ మాత్రమే మిగిలి ఉన్నాయి. దాని ముందు కాసేపు నిలబడ్డాడు. లోపలికొచ్చి, బల్ల మీద తన కోసం పోసిన కాఫీని ముట్టుకోకుండా, రోవెనా మొహం చూడకుండా, పడవ దగ్గరికి వెళ్లిపోయాడు.

"అరవలేదు" అంది కాందిదా, అదేదో శుభం అన్నట్టు.

"అరిస్తే బావుండేది" అంది రోవెనా.

ఒడ్డున అప్పటికే అమ్మాయిలు తోకలు తొడుక్కుని వరసగా కూర్చున్నారు. వెండిరంగు, గులాబీరంగు, కొన్న తోకలు, తళతళా మెరుస్తున్నాయి. సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. త్రీనా మెడలో ఈలతో నడుంలోతు నీళ్లలో నిలబడింది. గొడుగు కింద చారితో!

"మీరూ వచ్చారా వదినా?"

"అమ్మని చూడ్డానికి రాలేదు" అంది చారితో బింకంగా. "నవ్వేవాళ్లు ఎవరెవరో చూడ్డానికి వచ్చాను."

కాందిదా లోతులేని నీళ్లలో కూర్చుంది. రోవెనా తడిపిన తోకని అంచు మడిచి పాదాలకి తొడిగింది. పిక్కలు దాటింది. మోకాళ్లు దాటింది. తుంటి దగ్గర ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

"వదలండి, నానాయ్. ఊపిరి వదలండి."

కాందిదా వదిలింది. తోక తుంటి మీంచి నడుం దాకా ఒక్క జారున ఎక్కింది. నీలం, దాని పక్కన బూడిదరంగు చారలు, ఎక్కడా మడత లేదు, ఎక్కడా నొక్కు లేదు. రోవెనా నడుం అంచు చుట్టూ వేలు పోనిచ్చి చూసింది. వేలికి చోటుంది, నీటికి లేదు.

"సరిగ్గా పట్టింది!" అని అరిచింది. "మీకే పుట్టినట్టుందండీ!"

పరీక్ష చిన్నదే. నీళ్ల మీద తేలేలా కట్టిన రెండు తెల్ల బుంగల్లో మొదటిదాని దగ్గర మునగాలి. అడుగున కట్టిన తాడు ముట్టుకోవాలి. నీళ్ల కిందనే ఈదుతూ వెళ్లి రెండో బుంగ దగ్గర నెమ్మదిగా తేలాలి. కాందిదా చేతులతో ఈదుకుంటూ మొదటి బుంగ చేరింది. గుండె నిండా గాలి పీల్చి తల ముంచింది.

తల మునిగింది. మిగతా మనిషి మునగలేదు. రబ్బరు తోక, అందులోని మనిషి, రెండూ తేలే రకమే. కాందిదా తల కింద, తోక పైన, గాల్లో రెక్క టపటపా కొట్టుకుంటూ నిలబడిపోయింది.

అమ్మాయిలు పకపకా నవ్వారు.

"ఎవత్తే ఆ నవ్వింది?" చారితో గొడుగు విసిరేసి నీళ్ల అంచుదాకా వచ్చింది. "గులాబీ తోకదానివి నువ్వేనా? మీ అమ్మ నాకు తెలుసు!"

కాందిదా పైకి తేలి ఉప్పునీళ్లు ఉమ్మింది. ఆవిడ మొహంలో నవ్వు లేదు. రోవెనా నుదురు కొట్టుకుంది. తప్పు తనదే. కొలతంతా ఒంటిదే చూసింది, తేలిక సంగతి ఆలోచించలేదు.

అప్పుడు దూరంగా కట్టేసి ఉన్న పడవ మీంచి ఎవరో దూకారు. రొడెల్. ఒంటి మీద సూటు లేదు. చేతిలో సీసం దిమ్మలు గుచ్చిన నడుంపట్టీ ఉంది. తల్లి దగ్గరికి ఈదుకుంటూ వచ్చి, పట్టీని ఆవిడ నడుం చుట్టూ వేసి, కట్టు బిగించాడు.

"ఇది ఒక్క గుంజుతో ఊడాలి. గుంజి చూపించు."

కాందిదా గుంజింది. ఊడింది.

"మళ్లీ."

మళ్లీ గుంజింది. ఊడింది. మూడోసారి తనే బిగించి, చెయ్యి తీసేస్తూ ఆగాడు. చెయ్యి బూడిదరంగు ముక్క మీద ఉంది.

"ఇది నా తొడ" అన్నాడు.

"అవున్రా" అంది కాందిదా. "నాకు సరిగ్గా సరిపోయింది."

రొడెల్ పెదవి వంకర తిరిగింది. నవ్వో ఏడుపో ఒడ్డునున్న రోవెనాకి తెలియలేదు. నెత్తి మీది డైవింగు కళ్లద్దాలు కిందికి లాక్కుని, తల్లి పక్కనే నీళ్లలో మొహం పెట్టి తేలాడు.

కాందిదా గాలి పీల్చింది. వంగింది. ఈసారి తోక ఒక్క క్షణం ఎండలో నీలంగా నిలిచి, చప్పుడు లేకుండా కిందికి జారిపోయింది.

నీటి మీద ఏమీ లేదు.

"కనబడుతోందా?" అంది చారితో.

"లేదు వదినా."

రొడెల్ తల ఎత్తలేదు. అతని వీపు నెమ్మదిగా రెండో బుంగ వైపు కదులుతోంది. త్రీనా కూడా మునిగింది. ఈలలు లేవు, నవ్వులు లేవు. చారితో రోవెనా మోచెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగుతున్నా ఇద్దరికీ తెలియలేదు. రొడెల్ వీపు రెండో బుంగ చేరింది. అక్కడ ఎవరూ తేలలేదు. అతని వీపు బుంగ దాటి ఇంకా పోతోంది.

"అమ్మ ఏదే? ఏదే అమ్మ?"

అవతల, ఎవరూ చూడని చోట, నీళ్లు పగిలాయి. ముందు శిలువ గొలుసు మెరిసింది, తర్వాత తల. కాందిదా పెద్ద ఊపిరి తీసుకుని, రెండు చేతులూ పైకెత్తి, అఖాతం మొత్తం వినేలా అరిచింది.

"మోకాళ్లు నొప్పి లేవురోయ్!"

ఒడ్డున కేకలు మిన్నంటాయి. గులాబీ తోకపిల్ల అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. చారితో ఏడుస్తూ, ఏడవడం లేదని అందరికీ చెబుతూ తిరిగింది. రోవెనా ఎగిరి గంతేసింది. చీలమండల దాకా నీళ్లలో ఉందని అప్పుడు చూసుకుని, అలవాటు కొద్దీ వెనక్కి తగ్గింది. క్యాబేజీ పండే కొండల మీద పుట్టిన పిల్ల. ఈ ఊరొచ్చాక కూడా అంతకంటే లోతుకి ఎప్పుడూ దిగలేదు.

త్రీనా కాందిదాని ఒడ్డు దగ్గరికి తెచ్చింది. "మిగతావాళ్లు మోకాళ్లతో తంతారు" అంది అమ్మాయిలతో. "ఈవిడ పొట్టతో ఈదింది. చూసి నేర్చుకోండి." వంగి తోక నడుం దగ్గర్నుంచి చివరిదాకా అరచెయ్యి పోనిచ్చింది. "లోపల చుక్క నీళ్లు లేవు. మీరు కుట్టిందేనా ఇది?"

రోవెనా తల ఊపింది.

"అయితే ఆంటీ మా జట్టులో ఉన్నట్టే. ఒక్కటే మిగిలింది." త్రీనా లేచి నిలబడింది. "తోక లేని మనిషి ఒకరు ప్రతివాళ్లకీ జత ఈదాలి. పక్కనే ఉండి ఊపిరి కనిపెట్టుకోవాలి. జత లేకుండా ఎవరినీ నీళ్లలోకి దింపను. రొడెల్ అన్న కుదరడు, శిలువ పడవ నడపాలి కదా. ఎవరిని పెట్టుకుంటారు?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లలో నలుగురైదుగురు నేనంటే నేనన్నారు. అందరూ చేపల్లా ఈదేవాళ్లే. కాందిదా ఎవరివైపూ చూడలేదు.

"నా కోడలు" అంది.

"అత్తా కోడళ్లిద్దరికీ పిచ్చి పట్టింది" అంది చారితో. "దానికి ఈత రాదే అమ్మా!"

"నేర్పుతాను."

"ఇంతమంది ఉండగా అదే ఎందుకు?" రొడెల్ ఆ పొద్దున మొదటిసారి గొంతెత్తాడు.

"నేనెప్పుడు ఊపిరి బిగబడతానో, ఎప్పుడు వదులుతానో దానికి తప్ప ఎవరికి తెలుసురా?"

త్రీనా రోవెనాని ఎగాదిగా చూసింది. "పండుగ ముందురోజు వస్తాను" అంది మెల్లగా. "రోవెనా రెండో బుంగ దాకా ఈది చూపించాలి. చూపించలేకపోతే ఇద్దరూ ఒడ్డునే ఉండాలి. అప్పుడు నన్ను తిట్టకూడదు."

రోవెనా రొడెల్ వైపు చూసింది. వద్దంటాడేమోనని చూసింది. వద్దంటే బావుండునని కూడా ఒక్క క్షణం అనుకుంది. రొడెల్ ఆ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఏమీ అనలేదు. ఈసారి ఆ మౌనానికి అర్థం ఏమిటో ఆమెకి తెలియలేదు.

కాందిదా తోకతోనే వెనక్కి జరిగి, లోతులోకి పోయి, అక్కడ తేలుతూ చెయ్యి చాపింది.

"రావే. కింద చూడకు. నా మొహం చూడు."

నీళ్లు మోకాళ్లకి వచ్చాయి. గౌను బుడగలా పైకి లేచింది. నడుముకి వచ్చాయి. రోవెనాకి తన ఊపిరి తనకే గట్టిగా వినిపించింది. గుండెలకి వచ్చాయి. అత్తగారి వేళ్లు ఇంకా మూరెడు దూరంలో ఉన్నాయి.

"ఇంకొక్క అడుగు" అంది కాందిదా.

రోవెనా అడుగు వేసింది. కాలి కింద ఇసుక తగల్లేదు, చేతికి అత్తగారి వేళ్లు తగిలాయి.